కుటుంబ కంపెనీలో వేధింపులు: రాజీనామా పెట్టే ముందే పూర్తి చేసుకోవలసిన పనులు

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు టోకున అమ్మే కుటుంబ కంపెనీ, మొత్తం 26 మంది పనివాళ్లు. మీరు ఆరేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నారు. జీతం 28,000, అందులో బేసిక్ 12,000. జీతం ఏ నెలా 15వ తేదీకి ముందు రాదు. చేరిన రోజే డిగ్రీ ఒరిజినల్సు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఒకటి తీసుకున్నారు. పీఎఫ్ పేరుతో డబ్బు కోస్తున్నారు, ఖాతాలో మాత్రం ఏడాదిగా పడలేదు. ఓనరు బావమరిది అందరి ముందూ బూతులు తిడుతున్నాడు. స్టోర్స్‌లో పనిచేసే అమ్మాయిని ఓనరు కొడుకు ఇబ్బంది పెడుతున్నాడు. మానేయాలా, ఉండి పోరాడాలా అని మీ ప్రశ్న.

మానేయండి. కానీ రేపే కాదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, ఆ లోపల చేయవలసిన పనులు ఉన్నాయి. కోపంలో తాళాలు టేబుల్ మీద పడేసి వచ్చేసినవాళ్లే ఇలాంటి చోట ఎక్కువ నష్టపోతారు. వాళ్ల సర్టిఫికెట్లు, చెక్కు, లెక్కలు అన్నీ అవతలివాళ్ల బీరువాలోనే ఉండిపోతాయి.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. పెద్ద కంపెనీలో మేనేజరు తిడితే అతని పైన ఇంకొకరు ఉంటారు. ఇక్కడ తిట్టేవాడు బావమరిది, ఫిర్యాదు వినేది బావ, హెచ్‌ఆర్ పేరుతో కూర్చున్నది కోడలు. రాత్రి భోజనాల దగ్గర వాళ్లంతా ఒకటే. కాబట్టి "పెద్దసారుకి చెబితే అర్థం చేసుకుంటారు" అనే ఆశతో నెలలు గడపవద్దు. పెద్దసారు మంచివాడే కావచ్చు, మీ ముందు బావమరిదిని మందలించనూ వచ్చు. అయినా వాడిని తీసెయ్యడు. కుటుంబ కంపెనీలన్నీ ఇలాగే ఉంటాయని కాదు. జీతం ఒకటో తేదీకే ఇచ్చి, పనివాళ్ల పిల్లల ఫీజులు కట్టేవాళ్లూ ఉన్నారు. తేడా తెలుసుకోవడానికి ఒకటే గుర్తు: ఇంటి మనిషి తప్పు చేసినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. మీరు చెప్పిన దాన్ని బట్టి అక్కడ ఏమీ జరగడం లేదు.

ఇక్కడ మిమ్మల్ని కాపాడేది కాగితమే. అది కూడా మీ దగ్గర ఉన్న కాగితం.

ఈ వారమే మొదలుపెట్టవలసింది, నోటి మాటను రాతలోకి మార్చడం. ఇలాంటి కంపెనీల్లో పెద్దసారు ఒకటి చెబుతాడు, చిన్నసారు దానికి అడ్డంగా ఇంకొకటి చెబుతాడు, నష్టం వస్తే అకౌంట్స్ మనిషి మీద పడుతుంది. ఎవరు ఏం చెప్పినా పది నిమిషాల్లో ఒక వాట్సాప్ పెట్టండి: "సార్, మీరు చెప్పినట్టు గుంటూరు పార్టీకి 45 రోజుల అప్పు మీద సరుకు పంపిస్తున్నాం." అందులో ఫిర్యాదు గానీ ఎత్తిపొడుపు గానీ ఉండకూడదు. బదులు రాకపోయినా సరే, తేదీతో ఆ మాట మీ ఫోనులో నిలుస్తుంది. తిట్ల సంగతి వేరు. ఒక నోటుబుక్కులో ఆ రోజే తేదీ, సమయం, అన్న మాటలు యథాతథంగా, అక్కడ ఎవరెవరు ఉన్నారో రాసుకోండి. "చాలా దారుణంగా మాట్లాడాడు" అని రాస్తే పనికిరాదు. కులం పేరుతో నలుగురి ముందు తిట్టడం జరిగితే, తిట్లు పడ్డ వ్యక్తి ఎస్సీ లేదా ఎస్టీ అయితే, అది 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వస్తుంది. అప్పుడు సాక్షులు ఎవరన్నదే కీలకం.

ఫోను రికార్డింగులు, వాట్సాప్‌లు కోర్టు దాకా వెళ్తే, 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం వాటికి ఒక ధ్రువీకరణ జత చేయాలి. అసలు ఫోను చేతిలో ఉంటే ఆ పని సులువవుతుంది. అందుకని ఈ మధ్యలో ఫోను మార్చకండి, అమ్మకండి. చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి మీ ఈమెయిల్‌కు పంపుకోండి, అసలు చాట్‌ను మాత్రం చెరపవద్దు. ఇంకో జాగ్రత్త: మీ ఉద్యోగానికి సంబంధించినవి మాత్రమే తీసుకోండి. అంటే అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్పులు, మీకు వచ్చిన ఆదేశాలు. పార్టీల జాబితా, కొనుగోలు రేట్లు, టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా మీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటే కేసు మీ మీదికే తిరుగుతుంది. అటువైపు లాయరు మొదట వెతికేది దాన్నే.

పీఎఫ్‌కు వద్దాం. మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడిగా మీకిచ్చిన నంబరు)తో పాస్‌బుక్ తెరవండి, లేదా ఉమంగ్ యాప్‌లో చూడండి. రిజిస్టరైన మొబైలు నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇచ్చినా వివరం వస్తుంది. బేసిక్ 12,000 మీద మీ వాటా 12 శాతం, అంటే 1,440. కంపెనీ కూడా అంతే కట్టాలి. కంపెనీ కట్టే ఆ 1,440లోంచి బేసిక్ మీద 8.33 శాతం, సుమారు 1,000, పింఛనుకు పోతుంది. మిగతా 440 మీ పీఎఫ్‌లో చేరుతుంది. ఒక నెల డబ్బు తరువాతి నెల 15వ తేదీకల్లా జమ కావాలి. పే స్లిప్పులో 2,880 కోస్తున్నారేమో కూడా చూసుకోండి. కొందరు కంపెనీ వాటాను కూడా ఉద్యోగి జీతంలోంచే లాగేస్తారు, అది చెల్లదు.

మీ జీతంలోంచి కోసిన డబ్బు జమ చేయకపోవడం మామూలు ఆలస్యం కాదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316 వివరణ ప్రకారం, ఆ డబ్బును యజమాని నమ్మకద్రోహంగా వాడుకున్నట్టే లెక్క. పైగా ఉద్యోగంలో ఉండగా ప్రాణం పోతే కుటుంబానికి వచ్చే ఇన్సూరెన్సు, గరిష్ఠంగా 7 లక్షలు, పీఎఫ్‌తో ముడిపడి ఉంది. ఫిర్యాదు పీఎఫ్ సంస్థ (ఈపీఎఫ్‌ఓ) వారి గ్రీవెన్స్ పోర్టల్‌లో వేయాలి. కోత కనిపించే పే స్లిప్పులు, ఆ నెలలు ఖాళీగా ఉన్న పాస్‌బుక్ పేజీ రెండూ కలిపి అప్‌లోడ్ చేయండి. పే స్లిప్పు లేకపోతే ఫిర్యాదు బలహీనపడుతుంది, కాబట్టి గత 12 నెలల స్లిప్పులు ఈమెయిల్‌లో అడిగి తెచ్చుకోవడం మొదటి పని. ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా)కి వేతన పరిమితి 21,000, మీకు వర్తిస్తుందో లేదో ఈఎస్‌ఐ కార్యాలయంలో కనుక్కోండి. స్టోర్స్‌లో, లోడింగ్‌లో ఉన్నవాళ్లకు వర్తిస్తుంది, వాళ్ల కార్డులు అసలు పనిచేస్తున్నాయో లేదో చూడమనండి.

ఇదే సమయంలో ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఫారం 26ఏఎస్ కూడా తెరవండి. మీ జీతంలో ముందే పన్ను (టీడీఎస్) కోస్తుంటే అక్కడ కనిపించాలి. కోసి కట్టకపోతే ఆ మొత్తాన్ని శాఖ మళ్లీ మీ దగ్గర వసూలు చేయకూడదు. కానీ కోశారని రుజువు చూపించవలసింది మీరే.

ఇక ఒరిజినల్సు. సర్టిఫికెట్లు తాకట్టు సరుకు కావు, వాటిని పట్టి ఉంచే హక్కు ఏ కంపెనీకీ లేదు. అయినా పోట్లాటకు ముందు తేలిక దారి చూడండి. పాస్‌పోర్టు, బ్యాంకు లోను, పై చదువు, ఏదైనా నిజమైన అవసరం ఉంటే ఆ కారణంతో ఈమెయిల్‌లో అడగండి. ఇవ్వకపోతే "ఫలానా తేదీన ఫలానా సర్టిఫికెట్లు మీకు అప్పగించాను, వారం లోపు తిరిగి ఇవ్వగలరు" అని హాల్‌టికెట్ నంబర్లతో సహా రాయండి. ఆ తర్వాత లాయరు నోటీసు. పోయాయని అఫిడవిట్ పెట్టి డూప్లికేట్లు తెచ్చుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. అవి ఎక్కడున్నాయో మీకు తెలిసినప్పుడు ఆ అఫిడవిట్ అబద్ధం అవుతుంది, అలా చేయకండి. ఈలోపు డిజిలాకర్‌లో దొరికేవన్నీ దింపుకోండి, ఒరిజినల్‌తో సమానంగా చెల్లుతాయి.

అన్నిటికంటే ప్రమాదం ఆ ఖాళీ చెక్కు. అంకె వేయలేదు కదా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. సంతకం మీదైతే మిగతావి ఎవరు నింపినా అప్పు ఉన్నట్టే కోర్టు మొదట భావిస్తుంది, లేదని చూపించే భారం మీ మీద పడుతుంది. 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఖాతా మూసేసినా, స్టాప్ పేమెంట్ ఇచ్చినా చెక్కు బౌన్సు కేసు పెట్టే సెక్షన్ 138 నుంచి తప్పించుకున్నట్టు కాదు. చేయవలసింది: పాత చెక్కుబుక్కు కౌంటర్‌ఫాయిల్ చూసి నంబరు పట్టుకోండి. దొరక్కపోతే బ్యాంకులో వాడని చెక్కుల వివరం అడగండి. తర్వాత కంపెనీకి ఈమెయిల్: "చేరినప్పుడు ఉద్యోగ హామీగా మీరు తీసుకున్న ఫలానా నంబరు చెక్కు తిరిగి ఇవ్వండి. నేను కంపెనీకి ఏ బాకీ లేను." ఈ ఉత్తరం రాజీనామాకు ముందే వెళ్లడం ముఖ్యం. గొడవ లేని రోజుల్లో రాసిన మాటకు ఉన్న విలువ గొడవ తర్వాత రాసిన దానికి ఉండదు. రేపు వాళ్లు చెక్కు వేసి అది తిరిగొస్తే మీకు నోటీసు వస్తుంది, డబ్బు కట్టడానికి గడువు 15 రోజులు. ఆ లోపే లాయరు ద్వారా జవాబు వెళ్లాలి. నోటీసు తీసుకోకుండా తప్పించుకోవడం, వచ్చిందాన్ని పక్కన పడేయడం రెండూ పొరపాట్లే. మీరు కంపెనీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటే, ఎంత కోశారు, ఎంత మిగిలింది ముందే రాతలో తేల్చుకోండి. బాకీ లేదని రాయాలంటే నిజంగా ఉండకూడదు.

మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి ఇంకొన్ని చూడాలి. జీఎస్‌టీ పోర్టల్‌లో ఓటీపీ మీ ఫోనుకు వస్తోందా? అధీకృత సంతకందారుగా మీ పేరు ఉందా? కుటుంబంలో ఎవరూ ఆ తలనొప్పి పడదలచుకోక నమ్మకస్తుడి పేరు పెట్టేయడం చాలా చోట్ల జరుగుతుంది. వెళ్లే ముందే ఆ నంబరు, పేరు మార్పించి, మారినట్టు స్క్రీన్‌షాట్ తీసుకోండి. కంపెనీ వసూళ్లు మీ ఫోన్‌పే, గూగుల్‌పేలోకి వస్తుంటే ఈ రోజే ఆపండి. మీ ఖాతాలో పడ్డ ప్రతి రూపాయికీ పన్ను శాఖకు లెక్క చెప్పవలసింది మీరే. పడినదంతా కంపెనీకి ఎప్పుడెప్పుడు చేర్చారో తేదీలవారీగా స్టేట్‌మెంట్ తీసి ఉంచుకోండి. "నువ్వు మా ఇంటి మనిషివి" అంటూ డైరెక్టరుగా మీ పేరు వేసి ఉంటే అది ఇంకా లోతైన ఊబి. కంపెనీ వరుసగా మూడేళ్లు లెక్కలు దాఖలు చేయకపోతే డైరెక్టర్లందరూ అయిదేళ్లు అనర్హులవుతారు. డైరెక్టరు పదవికి విడిగా రాజీనామా ఇచ్చి, ఆ సంగతి ప్రభుత్వానికి తెలిపే డీఐఆర్-12 ఫారం కంపెనీ వేయకపోతే, మీరే డీఐఆర్-11 ఫారం దాఖలు చేయవచ్చు.

రాజీనామాకు ముందు ఒక్క ప్రయత్నం మాత్రం చేసి చూడదగింది: కంపెనీ ఆడిటరు. కుటుంబం మాట వినే బయటి మనిషి సాధారణంగా ఆయనొక్కడే. ఉద్యోగుల దగ్గర కోసిన పీఎఫ్ ఎప్పుడు కట్టారో ఆయన టాక్స్ ఆడిట్ రిపోర్టులో చూపించాలి. గడువు దాటి కట్టిన ఉద్యోగి వాటాను ఖర్చుగా ఒప్పుకోరని 2022లో చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఆ తీర్పు వర్తించే ఏళ్లకు ఆ మొత్తం మీద కంపెనీ పన్ను కట్టుకోవాలి. మీరు తిట్ల గురించి చెబితే ఆయనేమీ చేయలేడు. "12 నెలల పీఎఫ్ బకాయి కనిపిస్తోంది సార్, రిపోర్టుకు ముందు సర్దితే మంచిది" అంటే ఓనరుతో మాట్లాడే కారణం ఆయనకు దొరుకుతుంది.

ఒక మాట మాత్రం నోటి నుంచి గానీ ఫోను నుంచి గానీ రాకూడదు: "నా డబ్బులు ఇవ్వకపోతే మీ జీరో బిజినెస్ సంగతి జీఎస్‌టీ వాళ్లకు చెబుతా." లెక్కల్లో చూపని ఆ జీరో అమ్మకాలు, కచ్చా బిల్లుల సంగతి నిజమే కావచ్చు. కానీ డబ్బుకు ముడిపెట్టి ఆ మాట అన్న క్షణం మీ న్యాయమైన బకాయి బెదిరింపు వసూలుగా మారిపోతుంది. జీతం బకాయి జీతం దారిలోనే అడగాలి.

ఇప్పుడు రాజీనామా. అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు ఎంత ఉంటే అంత ఇవ్వండి, లెటరే లేకపోతే ఒక నెల. ఈమెయిల్‌లో పంపి, అదే ప్రతిని స్పీడ్‌పోస్టులో డెలివరీ రుజువుతో పంపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్‌పోస్టులోనే కలిసిపోయింది. ఉత్తరం నాలుగు వాక్యాలు చాలు: రాజీనామా, చివరి పనిదినం తేదీ, అప్పగింత ఎవరికి ఇవ్వాలో చెప్పమనడం, రావలసిన బకాయిలు సర్దమనడం. బావమరిది ప్రస్తావన వద్దు. "వ్యక్తిగత కారణాలతో" అని కూడా రాయకండి, తర్వాత మీరు ఏం చెప్పినా ఆ ముక్క ఎత్తి చూపిస్తారు.

నోటీసు కాలంలో వాళ్లు చేసేవి దాదాపు ఒకేలా ఉంటాయి. మొదట బుజ్జగింపు, రెండు మూడు వేలు పెంచుతామనడం. తర్వాత అలక, మీతో మాట్లాడవద్దని మిగతావాళ్లకు చెప్పడం. చివర్లో "క్యాష్ తక్కువ వచ్చింది", "స్టాకు తేడా ఉంది". ఈ చివరి దానికే సిద్ధంగా ఉండాలి, పోలీసు స్టేషన్ పేరు ఎత్తేది దీని మీదే. అప్పగింత జాబితా రెండు ప్రతులు రాయండి. చేతిలో ఉన్న నగదు నోట్లవారీగా, అంటే 500లు ఎన్ని, 200లు ఎన్ని అని. ఆ రోజు వరకు క్యాష్‌బుక్ నిల్వ, బ్యాంకు నిల్వలు, రావలసిన బాకీల జాబితా ప్రింటు, టాలీ బ్యాకప్ తీసిన తేదీ, డిజిటల్ సంతకం టోకెన్, చెక్కుబుక్కుల్లో మిగిలిన ఆకుల నంబర్లు, బీరువా తాళాలు. ప్రతి పేజీ కింద తీసుకున్నవాళ్ల సంతకం. సంతకం పెట్టకపోతే పేజీలన్నీ ఫొటో తీసి అదే రోజు ఈమెయిల్ చేసి, "ఇందులో తేడా ఉంటే మూడు రోజుల్లో తెలపగలరు" అని రాయండి. తర్వాత పాస్‌వర్డులు మార్చమని గుర్తు చేయండి. మీరు వెళ్లాక కూడా పాత పాస్‌వర్డు పనిచేస్తుంటే ప్రతి తప్పూ మీ ఖాతాలో పడుతుంది.

డబ్బు లెక్క. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లో ఉన్నాయి. నెల జీతం తరువాతి నెల 7వ తేదీ లోపు ఇవ్వాలి. రాజీనామా చేసినా తీసేసినా ఆఖరి జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఎంత కోత పెట్టినా జీతంలో సగం దాటకూడదు. ఆలస్యంగా వచ్చారనో, పార్టీ డబ్బు ఎగ్గొట్టాడనో వేసే జరిమానా ఆ నెల జీతంలో 3 శాతానికి మించకూడదు, మీ వివరణ వినకుండా వేయకూడదు. అయిదేళ్లు దాటాయి కాబట్టి గ్రాట్యుటీ మీ హక్కు, 30 రోజుల్లో చెల్లించాలి. లెక్క ఇలా: ఆఖరి నెల వేతనాన్ని 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. బేసిక్ 12,000 అనుకుంటే ఆరేళ్లకు 41,538. కొత్త నిర్వచనంలో అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే దాటిన భాగం వేతనంలో కలుస్తుంది, మీ జీతానికి అది 14,000. అప్పుడు 48,461. చివరి ఏడాదిలో ఆరు నెలలు దాటితే దాన్ని కూడా పూర్తి ఏడాదిగా కలపాలి. "మా కంపెనీలో గ్రాట్యుటీ లేదు" అంటే నమ్మకండి, పది మంది ఉన్న చోటల్లా ఉంటుంది.

ఇవ్వకపోతే ఆ ప్రాంత అసిస్టెంట్ లేబర్ ఆఫీసరు దగ్గర రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. జీతం క్లెయిముకు మూడేళ్ల గడువు ఉంది, కానీ ఆలస్యం చేసే కొద్దీ సాక్షులు జారుకుంటారు. ఖర్చుకు భయపడేవాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

రిలీవింగ్ లెటర్ ఇవ్వకపోతే కొత్త ఉద్యోగం పోతుందనే భయం మీ ఉత్తరం నిండా కనిపించింది. అపాయింట్‌మెంట్ లెటర్, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ, ఫారం 16, రాజీనామా చేరిన రుజువు, ఇవన్నీ కలిపి చూపిస్తే చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. పీఎఫ్‌లో నిష్క్రమణ తేదీ కంపెనీ వేయకపోతే, ఆఖరి జమ జరిగిన నెల తర్వాత రెండు నెలలు ఆగి మీరే వేసుకోవచ్చు. ఆటోనగర్ లాంటి చోట ఒకరికొకరు తెలుసు, పాత ఓనరుకు ఫోన్ వెళ్తుంది. కొత్తవాళ్లతో ముందే ఒక్క వాక్యం చెప్పండి: "జీతం, పీఎఫ్ బకాయిల విషయంలో తేడా వచ్చి మానేశాను." అంతకుమించి చెడు చెప్పవద్దు. పోటీ కంపెనీలో చేరకూడదని రాయించుకున్నా, మానేసిన తర్వాత అలాంటి షరతు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం చెల్లదు. నోటీసు కాలం, శిక్షణ ఖర్చు వంటి షరతులు వేరు, అవి సమంజసంగా ఉంటే నిలబడతాయి.

రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని, ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ అని కూడా రాశారు. దాన్ని ఓర్చుకోవలసిన విషయంగా చూడకండి. 14416 టెలిమానస్ నంబరులో తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే చీటీ దాచుకోండి.

చివరిగా స్టోర్స్ అమ్మాయి విషయం. నిజానికి దీనికి గడువు చాలా తక్కువ. పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం ప్రకారం సంఘటన జరిగిన మూడు నెలల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పదే పదే జరిగితే చివరి సంఘటన నుంచి లెక్క. సరైన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. పది మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న కంపెనీలో ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, అందులో సగం మందికి తగ్గకుండా మహిళలు, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. మీ దగ్గర ఉంటే గింటే ఓనరు భార్యే అధ్యక్షురాలై ఉంటారు. కానీ ఫిర్యాదు యజమాని మీదే అయితే నేరుగా జిల్లా స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. కొడుకు భాగస్వామో, డైరెక్టరో, వ్యాపారం నడిపేవాడో అయితే ఈ దారి తెరిచే ఉంటుంది. కలెక్టరేట్‌లో, మహిళా శిశు సంక్షేమ శాఖ కార్యాలయంలో ఆ కమిటీ వివరాలు చెబుతారు. కేంద్ర ప్రభుత్వం వారి షీ-బాక్స్ పోర్టల్‌లో కూడా వేయవచ్చు. విచారణ నడుస్తుండగా మూడు నెలల వరకు సెలవు అడిగే హక్కు ఆమెకు ఉంది, అది మామూలు సెలవుల్లోంచి పోదు. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, ఆమె తరఫున మీరు నిర్ణయించకండి. మీరు చూసినదీ విన్నదీ తేదీలతో రాసి సంతకం పెట్టి ఆమె చేతికి ఇవ్వండి, మానేసిన తర్వాత కూడా సాక్ష్యం చెబుతానని చెప్పండి.